చూపు మసకబారినా నవ్వు మసకబారలేదు

మీరు ఎప్పుడైనా సాయంత్రం పూట ధర్మసాగర్ చెరువు కట్ట మీదికి వెళ్లారా? నీళ్ల మీది నుంచి చల్లగాలి వస్తుంటుంది. ఎండ దిగుతుంటే పిల్లలు కేకలు వేసుకుంటూ ఉరుకుతుంటారు. వాళ్లలో ఒక్కడిని కాస్త గమనించండి. అయిదు గంటలప్పుడు అందరికంటే ముందు ఉన్నవాడు ఆరున్నరయ్యేసరికి వెనకబడతాడు. ఏడయ్యేసరికి అమ్మ కొంగు పట్టుకుంటాడు. రాయి తగిలి పడితే మనం ఏమంటాం? కళ్లు ఎక్కడ పెట్టుకున్నావని గదమాయిస్తాం. వాడు ఏమీ చెప్పడు. తనకు కనబడనిది మిగతావాళ్లకు కనబడుతోందన్న సంగతే వాడికి తెలియదు. తెలిసినా సిగ్గుపడి చెప్పడు.

ఇలాంటి పిల్లవాడే ఒకడు నూట యాభై ఏళ్ల కిందట గోదావరి డెల్టాలోని ఊళ్లలో పెరిగాడు. సాయంత్రమైతే దారి కనబడేది కాదు. బడిలో బల్ల మీది అక్షరం ఆనేది కాదు. పెద్దయ్యేకొద్దీ ఉన్న చూపూ తగ్గిపోయింది. ఆ మనిషే తెలుగువాళ్లను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన ‘గణపతి’ నవల రాశాడు. ఆయనే చిలకమర్తి లక్ష్మీనరసింహం. మీ తాతగారి తరం వాళ్లను అడిగి చూడండి. గణపతిని రేడియో నాటకంగా విని నవ్వుకున్నవాళ్లు ఇంటికొకరు దొరుకుతారు. నవ్వించినవాడికి లోకం ఎలా కనబడిందో మాత్రం చాలామందికి తెలియదు.

ఆరోగ్యం పేజీలో రచయిత కథ ఎందుకని మీరు అడగవచ్చు. శరీరంలో ఒక లోటు ఉన్నప్పుడు మనిషిని ముందుగా దెబ్బతీసేది చాలాసార్లు ఆ లోటు కాదు, నావల్ల కాదేమోనన్న అనుమానం. ఆ అనుమానంతో ఎలా బతకాలో చిలకమర్తి జీవితం చూపిస్తుంది.

బల్ల మీది అక్షరం కనబడని విద్యార్థి

చిలకమర్తి 1867 సెప్టెంబరు 26న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని ఖండవల్లిలో, మేనమామ గారింట పుట్టారు. పెరిగింది వీరవాసరంలో. సంపన్న కుటుంబమేమీ కాదు. వీరవాసరంలో మొదలైన చదువు నర్సాపురం మీదుగా రాజమండ్రి చేరింది.

చూపు సరిగా లేని పిల్లవాడికి ఆ రోజుల్లో చదువంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. కరెంటు దీపాలు లేవు. రాత్రి చదువంతా ఆముదం దీపం దగ్గరో, కిరోసిన్ బుడ్డి దగ్గరో సాగాలి. రేచీకటి ఉన్నవాడికి ఆ వెలుగు ఏ మూలకు సరిపోతుంది? పగలు చదువుదామంటే బల్ల మీద రాసింది కనబడదు. ఇక మిగిలిన దారి ఒక్కటే, వినడం. తోటి విద్యార్థులు, స్నేహితులు పాఠాలు చదివి వినిపించేవారు. ఆయన విని గుర్తుపెట్టుకునేవారు. ఒకసారి చెవిన పడిన పద్యం మళ్లీ పోయేది కాదని ఆయనకు పేరు. అలా వింటూనే మెట్రిక్యులేషన్ దాకా చదివారు.

ఇందులో ఆయన జ్ఞాపకశక్తిని అందరూ మెచ్చుకుంటారు. నిజమే, గొప్పదే. మీరు ఇంకొకటి కూడా గమనించాలి. పక్కవాడు చదివి వినిపించాలంటే, నాకు కనబడటం లేదని ముందు వాడికి చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పలేకే ఎంతోమంది పిల్లలు మొద్దులన్న పేరు మోస్తూ బడి మానేస్తారు. చిలకమర్తి చెప్పగలిగారు. ఆయన చదువుకు అసలు పునాది అక్కడ పడింది.

సాయంత్రమైతే కంటిలో ఏం జరుగుతుంది?

ఇక్కడ కాస్త ఆగి కంటి సంగతి చూద్దాం. కంటి వెనక ఉండే రెటీనా పొరలో వెలుగును పట్టే కణాలు రెండు రకాలు. కోన్ కణాలు పగటి వెలుగులో రంగులనూ సన్నటి అక్షరాలనూ చూపిస్తాయి. ఒక్కో కంటిలో ఇవి సుమారు 60 లక్షలు. రాడ్ కణాలు మసక వెలుగులో పనిచేస్తాయి. ఇవి సుమారు 12 కోట్లు. మీరు వెలుతురులోంచి సినిమా హాల్లోకి వెళ్లినప్పుడు ముందు ఏమీ కనబడదు, కాసేపటికి సీట్లు కనబడతాయి. అప్పటికి రాడ్ కణాలు చీకటికి అలవాటుపడ్డాయన్నమాట. పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

ఈ రాడ్ కణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. అది తయారు కావాలంటే విటమిన్ ఎ ఉండాలి. తిండిలో విటమిన్ ఎ బాగా తగ్గితే మొదట కనబడే లక్షణం రేచీకటే. ఇది నయమవుతుంది. సకాలంలో డాక్టరు ఇచ్చిన మోతాదులో విటమిన్ ఎ తీసుకుంటే చూపు కొద్ది రోజుల్లోనే తేరుకుంటుంది.

రెండో రకం వేరు. రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్య జబ్బులో రాడ్ కణాలే క్రమంగా దెబ్బతింటాయి. మొదట రేచీకటి, తర్వాత పక్క చూపు తగ్గడం, చివరికి గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య మాత్రమే కనబడటం దీని వరస. ప్రపంచంలో సుమారు 4 వేల మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. దగ్గరి చుట్టాల్లో పెళ్లిళ్లు జరిగే కుటుంబాల్లో దీని అవకాశం పెరుగుతుంది. ఎక్కువ పవరున్న మైనస్ అద్దాలు వాడేవారికి, శుక్లాలు వచ్చినవారికి, గ్లకోమా ముదిరినవారికి కూడా రాత్రి చూపు తగ్గవచ్చు.

చిలకమర్తి కంటికి ఇంతదూరం నుంచి జబ్బు పేరు పెట్టడం మన పని కాదు. ఆయన పుట్టేనాటికి యూరప్‌లో డాక్టర్లు కంటి లోపలికి చూసే పరికరం కనిపెట్టి పదహారేళ్లయింది. విటమిన్ ఎ ఒకటి ఉందని తేలింది మాత్రం 1913లో, అంటే ఆయనకు నలభై ఆరేళ్లు వచ్చాక. రొడాప్సిన్‌కూ విటమిన్ ఎకూ ఉన్న సంబంధాన్ని తేల్చిన జార్జ్ వాల్డ్‌కు నోబెల్ వచ్చింది 1967లో, సరిగ్గా ఆయన పుట్టిన నూరేళ్లకు. వైద్యం నుంచి అందే సాయం దాదాపు ఏమీ లేని కాలంలో ఆయన బతికారు. మనం ఆ కాలంలో లేం. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

చెవితో నేర్చి, నోటితో రాసి

1889లో చిలకమర్తి రాజమండ్రి ఇన్నిసుపేటలోని బడిలో తెలుగు పంతులుగా చేరారు. చూపు సరిగా ఆనని మనిషి అల్లరి పిల్లల తరగతిని అదుపులో పెట్టాలి. వెనక బెంచీలో ఎవడేం చేస్తున్నాడో కనబడదు. గొంతును బట్టి పేరు పట్టుకోవాలి. పద్యం నోటికి రావాలి, కథ కట్టిపడేసేలా చెప్పాలి. లేకపోతే తరగతి నిలవదు. ఆయన తరగతి నిలిచింది.

ఆ రోజుల్లోనే నాటకాలు రాయడం మొదలుపెట్టారు. రాజమండ్రిలో నాటక సమాజాన్ని నడిపే ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అడగడంతో ‘కీచకవధ’ వచ్చింది. దాని వెనకే ‘గయోపాఖ్యానం’ వచ్చింది. ఆకాశంలో పోతున్న గంధర్వుడి ఉమ్ము కృష్ణుడి దోసిట్లో పడటం, అక్కడి నుంచి కృష్ణార్జునులకే యుద్ధం రావడం దాని కథ. అప్పటికి రచయిత వయసు ఇరవై రెండు మూడేళ్లు. తర్వాత ఆంధ్రకేసరిగా పేరు తెచ్చుకున్న టంగుటూరి ప్రకాశం చిన్నతనంలో ఈ సమాజం నాటకాల్లోనే వేషాలు కట్టారు. గయోపాఖ్యానం ఊరూరా ఆడింది. పుస్తకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయిందని చెబుతారు. తెలుగులో పుస్తకానికి అంత గిరాకీ రావడం అప్పట్లో కనీవినీ ఎరుగని సంగతి.

ఇంత రాసిన మనిషి కలం పట్టి రాసుకున్నది తక్కువ. ఆయన చెబుతుంటే ఎవరో ఒకరు రాసిపెట్టేవారు. ఇలా చెప్పి రాయించడం మనం అనుకున్నంత తేలిక కాదు. మీరే ఒకసారి ప్రయత్నించండి. కళ్లు మూసుకుని, ఒక పేజీ ఉత్తరాన్ని మీ అబ్బాయికి చెప్పి రాయించండి. మూడో వాక్యం దగ్గరికి వచ్చేసరికి మొదటి వాక్యం ఏమిటో మరిచిపోతారు. కొట్టివేత మీ చేతిలో ఉండదు. రాసేవాడు ఆవులిస్తే మీ ఆలోచన తెగిపోతుంది. చిలకమర్తి ఏళ్ల తరబడి ఇలాగే నాటకాలూ నవలలూ రాశారు. అవధానాలు చూసినవారికి ఈ ధారణ ఎంత కష్టమో తెలుస్తుంది. అవధాని కొన్ని గంటల పాటు చేసే పనిని ఈయన జీవితమంతా చేశారు.

ఇంగ్లండులో జాన్ మిల్టన్ కూడా చూపు పూర్తిగా పోయాకే తన మహాకావ్యాన్ని చెప్పి రాయించాడు. అందుకే మనవాళ్లు చిలకమర్తిని ఆంధ్రా మిల్టన్ అన్నారు. చారిత్రక నవలలు రాశారు కనుక ఆంధ్రా స్కాట్ అనీ అన్నారు. నవ్వించేవాళ్లలో చూస్తే అమెరికా హాస్య రచయిత జేమ్స్ థర్బర్ కూడా ఇలాంటివాడే. చిన్నప్పుడు ఆటలో అన్న వేసిన బాణం తగిలి ఒక కన్ను పోయింది. తర్వాత రెండోదీ మసకబారింది. చివరి రోజుల్లో ఆయనా చెప్పి రాయించాడు. చూపు తగ్గినంత మాత్రాన నవ్వించే శక్తి తగ్గదనడానికి ఇద్దరూ సాక్షులే.

తనకు కనబడని పేజీ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రాసిన ప్రతి మనిషికీ ఒక అనుమానం ఉంటుంది. ఇది బాగుందా, లేదా? మామూలు రచయిత రాత్రి పేజీ తీసి మళ్లీ చదువుకుంటాడు, కొట్టేస్తాడు, దిద్దుతాడు. తన పేజీ తనకు కనబడనివాడు ఏం చేయాలి? ఇంకొకరు చదివి వినిపిస్తే వినాలి. వాళ్ల గొంతులో విసుగు వినబడితే అది తన రాత తప్పా, వాళ్ల నిద్ర తప్పా? ఈ ప్రశ్న మనసులో పడితే చాలామంది రాయడమే మానేస్తారు.

చిలకమర్తి ఏం చేశారో చూస్తే మనకు మూడు సంగతులు కనబడతాయి.

మొదటిది, తన రాతను బయటి తూకానికి పెట్టారు. కందుకూరి వీరేశలింగం నడిపిన చింతామణి పత్రిక 1890లలో నవలల పోటీలు పెట్టేది. తెలుగులో నవల అన్నదే అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. చిలకమర్తి ‘రామచంద్ర విజయం’ పంపారు. బహుమతి వచ్చింది. ‘హేమలత’ లాంటివీ ఆ రోజుల్లోనే వచ్చాయి. ఇంట్లో కూర్చుని నాకు వచ్చునా రాదా అని మథనపడటం కంటే పరీక్షకు కూర్చోవడం మేలని ఆయన దారి చెబుతుంది.

రెండోది, వినేవాళ్ల మధ్య పనిచేశారు. నాటకం రాత్రి ఆడుతుంది, తెల్లారేసరికి తీర్పు వచ్చేస్తుంది. జనం నవ్వితే వినబడుతుంది, ఏడిస్తే వినబడుతుంది, లేచిపోతే అదీ వినబడుతుంది. కళ్లతో చూసుకోలేని తన పనిని ఆయన చెవులతో చూసుకున్నారు.

మూడోది, నవ్వును వదల్లేదు. ప్రహసనాలు రాశారు. పకోడీ మీద పద్యాలు చెప్పారు. పకోడీ మీద ఛందస్సులో పద్యాలేమిటని ముక్కు చిట్లించినవాళ్లూ ఉండే ఉంటారు. కానీ కరకరలాడే ఆ పద్యాలు ఇప్పటికీ తెలుగు భోజనాల దగ్గర వినబడతాయి. ఆడపిల్లలకు నేర్పితే రాని విద్య లేదన్న అర్థంలో మనం సభల్లో వాడే పద్యపాదం కూడా ఆయన ‘ప్రసన్న యాదవం’ నాటకంలోదే. ఎవరు రాశారో తెలియకుండానే మనం చిలకమర్తిని వాడుకుంటున్నాం.

గణపతి వెనక ఉన్న కన్నీరు

‘గణపతి’ 1920 నాటి నవల. చిలకమర్తికి అప్పటికి యాభై దాటాయి. ఆ కథలో గణపతి అందగాడు కాడు. పొట్టి మనిషి, బొజ్జ, ఊరంతా నవ్వుకునే ఆకారం. చదువు అబ్బదు, అల్లరి మాత్రం అబ్బుతుంది. అలాంటివాడు చివరికి వీధి బడి పంతులవుతాడు. బడిలో కునికిపాట్లు పడతాడు, పిల్లల చేత తన ఇంటి పనులు చేయించుకుంటాడు. తనకు రాని చదువును పదిమందికి చెబుతాడు. చదువుతున్నంతసేపూ నవ్వు ఆగదు.

పుస్తకం మూసి ఒక్క నిమిషం ఆలోచిస్తే నవ్వు కాస్త సన్నబడుతుంది. అది తాత దగ్గర మొదలై మూడు తరాలు సాగిన పేదరికం కథ. తిండికీ చదువుకూ పెళ్లికీ అడుగడుగునా ఇంకొకరి గుమ్మం దగ్గర నిలబడిన కుటుంబం కథ. గణపతి పనికిమాలినవాడు కావడానికి వాడొక్కడే కారణమా అని మనకే అనిపిస్తుంది. చిలకమర్తి వాడిని వెనకేసుకురారు, తిట్టిపోయరు. దగ్గరగా నిలబెట్టి చూపిస్తారు, అంతే.

తాను కూడా పంతులే అయిన రచయిత, తరగతిలో వెనక బెంచీ కనబడని పంతులు, ఇలాంటి పంతులును సృష్టించడం నాకు ఊరికే జరిగిందనిపించదు. తన వృత్తిలో మనిషి ఎంత నవ్వులపాలు కాగలడో లోపలి నుంచి తెలిసినవాడే ఆ నవ్వును అంత చనువుగా రాయగలడు. ఇది నా ఊహ. మీరు పుస్తకం చదివి మీ ఊహ చేసుకోండి. ఒకటి మాత్రం ఖాయం. తన మీద తనకున్న అనుమానాన్ని మనిషి రెండు రకాలుగా వాడుకోవచ్చు. ఎదుటివాళ్లను వెక్కిరించడానికి వాడుకోవచ్చు, లేదా ఎదుటివాళ్ల తడబాటును అర్థం చేసుకోవడానికి వాడుకోవచ్చు. గణపతిలో ఉన్నది రెండోది. అందుకే వందేళ్లయినా ఆ నవ్వు చేదెక్కలేదు.

ఇంట్లో కూర్చోలేదు

పోనుపోను ఆయనకు చూపు పూర్తిగా పోయింది. ఇక్కడ చాలా కథలు ఆగిపోతాయి. ఆయన కథ ఆగలేదు. మనోరమ మాసపత్రిక, దేశమాత వారపత్రిక నడిపారు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ప్రసంగించినప్పుడు ఆ మాటలను సభకు తెలుగులో చెప్పింది చిలకమర్తే. దేశాన్ని పాడియావుతో పోల్చిన ఆయన పద్యం ఆ సందర్భంలో పుట్టి ఆంధ్రదేశమంతా పాకింది. 1909లో రాజమండ్రిలో దళిత పిల్లల కోసం రామమోహన పాఠశాల పెట్టారు. బల్ల మీది అక్షరం కనబడక బాధపడిన మనిషి, ఆ బల్ల ముందు కూర్చోనివ్వని పిల్లల కోసం బడి తెరిచారు.

1942లో, డెబ్బై అయిదో ఏట, తన జీవితకథ చెప్పి రాయించారు. కాగితాలు తిరగేసి చూసుకునే వీలు లేదు. వీరవాసరం వీధుల నుంచి రాజమండ్రి సభల దాకా మనుషులూ పేర్లూ సంఘటనలూ తలలోంచే రావాలి. వచ్చాయి. వందల పేజీల ఆ ‘స్వీయచరిత్రము’ ఒక్క మనిషి కథలా ఉండదు. గోదావరి జిల్లాల ఇళ్లూ బళ్లూ నాటకాలూ అందులో కనబడతాయి. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1946 జూన్ 17న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై ఎనిమిది.

మన ఇళ్లలో ఏం చేయాలి?

ఇప్పుడు ధర్మసాగర్ కట్ట మీద అమ్మ కొంగు పట్టుకున్న పిల్లవాడి దగ్గరికి వద్దాం. చిలకమర్తికి లేనివి వాడికి చాలా ఉన్నాయి. మన దేశంలో పిల్లలకు విటమిన్ ఎ ద్రావణం ఇచ్చే కార్యక్రమం 1970లో మొదలైంది. దానికి దారి చూపిన పరిశోధన మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగింది. 9 నెలల వయసులో తట్టు టీకాతో పాటు మొదటి డోసు, తర్వాత అయిదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి, మొత్తం 9 డోసులు. మీ పిల్లల కార్డు తీసి ఒకసారి లెక్కపెట్టుకోండి. లోటు ఉంటే అంగన్‌వాడీలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అడగండి. సొంతంగా మందుల దుకాణంలో కొని వేయకండి. విటమిన్ ఎ ఎక్కువైతే కాలేయానికి చేటు. గర్భిణులు డాక్టరు చెప్పకుండా ఎక్కువ మోతాదు తీసుకుంటే కడుపులో బిడ్డకు ప్రమాదం.

వంటింట్లో చేయగలిగింది చాలా ఉంది. మునగాకు, తోటకూర, పాలకూర, క్యారెట్, గుమ్మడి, బొప్పాయి, మామిడిపండు, పాలు, గుడ్డు. ఆకుకూరలో కాస్త నూనె పడితేనే అందులోని పోషకం ఒంటికి పడుతుంది కనుక ఉత్త నీళ్లలో ఉడికించి పెట్టకండి.

తిండి బాగానే ఉన్నా రేచీకటి తగ్గకపోతే కంటి డాక్టరుకు తప్పకుండా చూపించాలి. రెటీనా పరీక్ష, పక్క చూపు పరీక్ష, అవసరమైతే రెటీనా కణాల స్పందనను కొలిచే ఈఆర్‌జీ పరీక్ష చేస్తారు. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. కళ్లద్దాల పరీక్షలో అక్షరాలన్నీ చదివేశాడు కనుక కన్ను బాగానే ఉందనుకోకండి. ఆ పరీక్ష వెలుతురులో జరుగుతుంది. చీకట్లో కనబడటం లేదన్న సంగతి మీరే నోరు తెరిచి చెప్పాలి.

వంశపారంపర్య జబ్బని తేలితే? పూర్తిగా నయం చేసే మందు ఇంకా అందరికీ లేదు. ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవారికి మాత్రం జన్యు చికిత్సకు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక్కడ నాలుగు రోజుల్లో చూపు తెప్పిస్తామనే ప్రకటనలు నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి. ఈ జబ్బులో శుక్లాలు, రెటీనా వాపు లాంటివి తోడైతే వాటికి చికిత్స ఉంది. కుటుంబంలో పెళ్లి మాటలు నడుస్తుంటే జన్యు సలహా తీసుకోవాలి.

చిలకమర్తికి స్నేహితులు దయతో చేసింది ఇవాళ పిల్లలకు హక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూపు లేనివారితో పాటు చూపు బాగా తక్కువ ఉన్నవారినీ గుర్తిస్తుంది. ధ్రువపత్రం ఉంటే పరీక్షలో రాసిపెట్టే మనిషిని అడగవచ్చు. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది. ఫోన్ తెలుగులో చదివి వినిపిస్తుంది, చెప్పింది రాసిపెడుతుంది. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ తెరను చదువుతుంది.

మనసు సంగతి మరవకండి. చూపు తగ్గుతున్నవాళ్లలో దిగులు, కుంగుబాటు ఎక్కువ. ఇంట్లో పెద్దాయన సాయంత్రం నడకకు రానంటే, పెళ్లికి వెళ్లనంటే, పేపరు చదవడం మానేస్తే వయసు మీద పడిందని వదిలేయకండి. కనబడటం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నారేమో అడగండి. పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించండి. రెండు వారాలు మించి దిగులు పోకపోతే మానసిక వైద్యులను కలవండి. నిద్ర, తిండి పూర్తిగా తగ్గినా, బతకాలని లేదన్న మాట వచ్చినా అన్ని రోజులు ఆగకండి. వెంటనే తీసుకెళ్లండి.

ఈ సంకేతాలు గమనించండి

• పొద్దు గూకాక పిల్లలు తడబడటం, ఆట మానేయడం, చేయి పట్టుకోవడం

• సినిమా హాల్లో, కరెంటు పోయిన గదిలో మిగతావాళ్లకంటే చాలాసేపు ఏమీ కనబడకపోవడం

• పక్కనున్న తలుపు, బల్ల అంచు తరచూ తగలడం

• కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు, కన్ను పొడిబారడం

• రాత్రి బండి నడపడానికి భయపడటం, ఎదుటి లైటు పడితే చాలాసేపు కళ్లు చెదరడం

• అన్నదమ్ముల్లో, మేనమామల్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బందే ఉండటం

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కంటి పరీక్షకు వెళ్లండి.

ఈసారి కట్ట మీదికి వెళ్లినప్పుడు

చిలకమర్తికి వైద్యం దొరకలేదు. దొరికింది మనుషులు. పాఠం చదివి వినిపించిన తోటి పిల్లలు, చెబుతుంటే రాసిపెట్టిన చేతులు, నాటకం చూసి నవ్విన జనం. తనకు కనబడటం లేదన్న సంగతిని దాచి ఉంటే వీళ్లెవరూ ఆయనకు దొరికేవారు కాదు, మనకు గణపతి దొరికేవాడు కాదు.

మీ పిల్లవాడికి వైద్యమూ ఉంది, మనుషులూ ఉన్నారు. ఈసారి సాయంత్రం వాడు రాయి తగిలి పడితే గదమాయించకండి. పక్కన కూర్చుని, అదిగో ఆ చెట్టు నీకు కనబడుతోందా నాన్నా అని అడగండి. జవాబు చెప్పడానికి వాడికి కాస్త సమయం ఇవ్వండి.